తెప్ప మీద అంగీ

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడితే, ఇక చదువెందుకని మా బాపు నాకు పెళ్లి చేశాడు. లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊరి నుంచి మహబూబాబాద్ పక్కన అత్తగారింటికి వచ్చాను. మరుసటి వైశాఖంలో ఆ ఊరి చెరువులో తెప్పోత్సవం. మా వైపు నేనెన్నడూ చూడని పండుగ.

సాయంత్రం బయలుదేరేటప్పుడు అత్తమ్మ నా చేతికి హారతి పళ్లెం ఇచ్చింది. అందులో కొబ్బరికాయ పక్కన మడతపెట్టిన కొత్త తెల్ల అంగీ ఉంది. దేవుడికి పంచె పెడతారు గాని అంగీ ఏమిటి?

"ఎవరికి అత్తమ్మా?" అన్నాను.

"జర పైలంగ పట్టుకో బిడ్డా, మాసిపోతది" అంది, అంతే.

ఎండలకు చెరువు సగానికి పైగా ఇంకిపోయింది. బురద దాటి నీళ్ల అంచుకు చేరాం. ఖాళీ డ్రమ్ముల మీద వెదురు బొంగులు పరిచి కట్టిన తెప్పపై సీతారాములు పూలలో మునిగి ఉన్నారు. తెప్ప నడిపే పెద్దాయన ఏమీ అడగకుండా అంగీ అందుకుని దేవుడి పాదాల దగ్గర పెట్టాడు. మూడు చుట్లు తిరిగొచ్చాక తిరిగి తెచ్చిచ్చాడు. అత్తమ్మ దాన్ని మా ఆయనకిచ్చింది. ఆయన అక్కడే తొడుక్కున్నాడు. భుజాలు జారిపోతున్నాయి, చేతులు వేళ్లదాకా వచ్చాయి. కొడుకు కొలత తల్లికి తెలియదా? నవ్వాలో ఊరుకోవాలో తెలియలేదు. చుట్టూ ఎవరూ నవ్వలేదు.

ఇంటికి నడుస్తుంటే ఆయనే చెప్పాడు.

"మా అన్నది గిది. ఆయనకు మూడేండ్లప్పుడు గీ చెరువులనే పోయిండు. నేనింకా పుట్టలే. ఏటా ఆయన ఈడుకు అవ్వ అంగీ కుట్టిస్తది. దేవునికి చూపిచ్చి నాకు తొడుగుతది. బతికుంటే అన్న మా బాపు లెక్క పొడుగైతుండెనని ఆమె నమ్మకం."

"నీకెట్లనిపిస్తది?"

"ఏమో. అలవాటైంది."

కొడుకును మింగిన నీళ్లకే అత్తమ్మ ఎట్లా దండం పెడుతుందో నాకు అర్థం కాలేదు. అడుగుదామనుకుని, ఆమె ముఖం చూసి మానుకున్నాను.

మరుసటి ఏడు మోకాళ్ల నొప్పులతో ఆమె బజారుకు రాలేక, అంగీ కుట్టించే పని నాకు అప్పగించింది.

"ఏం కొలతియ్యాలె అత్తమ్మా?"

ఆమె పెట్టెలోంచి నిరుటి అంగీ తీసి నా చేతికిచ్చింది. "నిరుటిదే ఇయ్యి. ఇగ పెరుగుడు ఆగి ఉంటది."

నిరుటి అంగీ సంచిలో పెట్టుకుని పోయాను. దర్జీ దాన్ని బల్ల మీద పరిచి, "మనిషిని తోలుకొస్తే మంచిగుండు గదమ్మా" అన్నాడు.

లేడని నోటితో అనలేకపోయాను.

"ఊళ్లె లేడు" అన్నాను.