నేత్రావతి పెళ్లిగుర్రం

కాడుగోడిలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని బాడుగకిచ్చే నేత్రావతికి యాభై దాటాయి. పైజామా మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, రోజూ పొద్దున్నే తెల్లగుర్రం గౌరిని తోముతూ దానితో ఊసులాడుతుంది. గౌరికి తెలిసిందల్లా తారురోడ్డూ, బ్యాండుమేళమూ, అడుగడుగునా ఆగే నడకే. ఒక్కసారైనా దాన్ని మట్టిమీద పరుగెత్తించాలని ఆమె పట్టుదల. అందుకే మొన్న శనివారం గౌరిని టెంపోలో ఎక్కించుకుని, ఊరి బయట గుర్రపుస్వారీకి మట్టిబాటలున్న పార్కుకు, రాత్రికి అక్కడే గుడారం వేసుకుని ఉండేలా వెళ్లింది.

గేటు దగ్గర మేనేజరు అడ్డుపడ్డాడు. "ఇక్కడికి క్లబ్బు గుర్రాలే వస్తాయమ్మా. పెళ్లిగుర్రాలు వద్దు."

"నాకూ దీనికీ టికెట్టు ఇచ్చినారు కదప్పా. పెళ్లిగుర్రం రాగూడదని యాడ రాసుండాదో చూపీ" అంది నేత్రావతి. వెనక కార్లు హారన్లు కొడుతున్నా కదల్లేదు. చివరికి అతనే గొణుక్కుంటూ గేటు తీశాడు.

అక్కడిచ్చిన హెల్మెట్ పెట్టుకుని ఆమె గుర్రమెక్కింది. గౌరి నాలుగడుగులు వేసి అలవాటు కొద్దీ ఆగిపోయింది. గుడారాల ముందు కూర్చున్నవాళ్లు నవ్వారు. నేత్రావతి వంగి దాని మెడ నిమిరింది.

"ఈడ ఎవురికోసమూ నిలబడే పనిలేదే తల్లీ."

గౌరి చెవులు రిక్కించింది. ఇంకో నాలుగడుగులు వేసింది. అంతలోనే ఎర్రమట్టి రేపుతూ పరుగందుకుంది.

తిరిగొచ్చి ఆమె గుడారం మేకులు దిగ్గొడుతుంటే మేనేజరు వచ్చాడు. "ఈ ఒక్కసారికేనమ్మా."

"వచ్చే శనివారం గూడా వస్తామప్పా" అని, నేత్రావతి తలెత్తకుండానే ఇంకో మేకు అందుకుంది.