అత్త కాపలా కాసిన వైఫై

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్లిపోయే రకం. హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి రిటైరయ్యాను. లోపలికి వచ్చిన ప్రతి వస్తువుకూ కార్డు, బయటికి పోయిన ప్రతి వస్తువుకూ సంతకం. ఏదైనా కనిపించకపోతే ఎవరో తీశారని అర్థం. దయ్యం ఎత్తుకుపోయిందని నా సర్వీసులో ఎవరూ రాసివ్వలేదు, రాసిస్తే నేను తీసుకునేవాణ్ణీ కాదు.

చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. దానివల్ల ఒక మేలు జరిగింది. జరిగినదానికి కొంచెం కారం, మసాలా కలిపి చెప్పడం నాకు చేతకాదు. ఇప్పుడు రాసేది కూడా అలాగే చదవండి.

రెండువేల ఎనిమిది ప్రాంతం. ఇంట్లో నేను, నా భార్య పార్వతి, కొడుకు, కోడలు లత, నెలల పిల్ల. వీళ్లు కాక మా అత్త. ఆమె నాకు మేనత్త, పార్వతిని చేసుకున్నాక పిల్లనిచ్చిన అత్త కూడా. అత్తిముగం దగ్గర గొర్రెలు కాసిన మనిషి. మామ పోయాక, కళ్లు బాగా మసకబారాక మా ఇంటికి తీసుకొచ్చాం. పగలంతా వీధి తిన్నె మీద గోడకు ఆనుకుని కూర్చునేది. పక్కనే ఆమె వెంట వచ్చిన నల్లకుక్క.

లతది బెంగళూరులో ఒక కంపెనీలో ఉద్యోగం. పిల్ల పుట్టాక ఇంటి నుంచే పనిచేయడానికి వాళ్లు ఒప్పుకున్నారు. అప్పట్లో అది చాలా అరుదైన వెసులుబాటు. ఆ ఉద్యోగం కోసమే ఇంట్లో బ్రాడ్‌బ్యాండు, దానికి తోడు వైఫై పెట్టె పెట్టించాం.

పెట్టె బిగించడానికి వచ్చినవాడు మురళి. బస్టాండు వైపు చిన్న కంప్యూటర్ షాపు, అందులోనే సినిమా సీడీలు అద్దెకిచ్చేవాడు. మా వెనక వీధిలో మేడమీద గదిలో ఉండేవాడు. మా వైపు ఉద్దనపల్లి పిల్లవాడని తెలియగానే పార్వతి వదల్లేదు. పని పూర్తయ్యేసరికి భోజనాల వేళ అయింది, కూర్చోబెట్టి రాగిముద్ద, ఉలవచారు వడ్డించింది.

అతను చేయి కడగబోతుంటే తిన్నె మీది నుంచి అత్త పిలిచింది. "ఒరే అప్పా, ఒక ముక్క మిగిలిచ్చుకోని ఈడికి రా. కుక్కకు నీ చేత్తోనే వెయ్యి."

మందలు కాసేవాళ్ల అలవాటు అది. కొత్త మనిషికి ముద్ద పెట్టి, అతని చేత్తోనే ఒక ముక్క కుక్కకు వేయిస్తారు. ఆ రోజు నుంచి కుక్క అతన్ని చూసి మొరగదు. మురళి నవ్వుతూ వేశాడు. కుక్క తోక ఊపింది. అందరం నవ్వుకున్నాం.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తరువాత మధ్యాహ్నాలు లతకు కష్టం మొదలైంది. నెట్ ఉన్నట్టే ఉండేది, పని కదిలేది కాదు. ఒకసారి వాళ్ల మేనేజరుతో మాట్లాడుతూ ఉండగా లైను మధ్యలో తెగిపోయింది. కంపెనీ వాళ్లు మర్యాదగానే చెప్పారు. ఈ నెలాఖరులోగా కనెక్షన్ కుదురుకోకపోతే రోజూ ఆఫీసుకు రావాల్సిందేనని. పాలు తాగే పిల్లను వదిలి తెల్లవారుజామున బయలుదేరి, చీకటి పడ్డాక తిరిగి రావడం లత వల్ల కాదు.

"రాజీనామా రాసిచ్చేస్తాను మామా" అంది. కన్నీళ్లు పెట్టుకోలేదు. అది నాకు ఇంకా బాధగా అనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్త ఒక మాట అనడం మొదలుపెట్టింది.

"ఎవురో దొడ్లోకి దూరినారు."

మొదటిసారి దొంగేమోనని కర్ర పట్టుకుని పెరట్లోకి పోయాను. ఎవరూ లేరు. రెండోసారీ పోయాను. గోడ మీద ఉడుత ఒకటి నన్ను చూసి పారిపోయింది. పార్వతికి నవ్వు ఆగలేదు. "మా అమ్మకు పాత మంద గుర్తుకొస్తా ఉంటాది. మీరు కర్ర పట్టుకోని ఎగిరేది ఎందుకు? వీధిలో చూసినోళ్లు ఏమనుకుంటారు?"

నేనూ వయసు ప్రభావం అనుకున్నాను. అయితే ఒకరోజు అత్త ఆ మాట అన్న మరుక్షణమే గదిలోంచి లత, "అయ్యో, మళ్లా నిలిచిపోయింది" అంది. మరుసటి రోజూ అంతే. అత్త కూర్చునేది బయట తిన్నె మీద. పెట్టె ఉండేది హాల్లో టీవీ పైన, మధ్యలో గోడ. దాని లైట్లు చూడటానికి ఆమెకు చూపే లేదు.

స్టోర్సు బుద్ధి ఊరుకోనివ్వలేదు. హాల్లో పెట్టెకు వైరుతో కలిపిన మా పాత కంప్యూటరులో, మురళి చెప్పిపోయిన పాస్‌వర్డుతోనే పెట్టె సెట్టింగులు తెరిచాను. ఆ క్షణంలో ఏయే యంత్రాలు మన వైఫైలో ఉన్నాయో అక్కడ కనిపిస్తుంది. లత ల్యాప్‌టాప్ ఒక్కటే ఉండాల్సిన చోట రెండు ఉన్నాయి. రెండోది ఎవరిదో తెలియదు. చూస్తుండగానే అది జాబితాలోంచి మాయమైంది. వెంటనే తిన్నె మీది నుంచి అత్త గొంతు.

"పోయినాడు."

నా వీపు మీద ఎవరో చన్నీళ్లు చల్లినట్టయింది.

భయపడుతూ కూర్చుంటే కోడలి ఉద్యోగం పోతుంది. కాబట్టి పని మొదలుపెట్టాను. పుస్తకాలు తెచ్చుకున్నాను, నెట్‌లో చదివాను. ముందుగా వైఫై పేరు దాచేశాను. అప్పటిదాకా మా ఇంటి పేరే దాని పేరు, వీధిలో ఎవరు కంప్యూటరు తెరిచినా కనిపించేది. ఇకపై పేరు తెలిసి, తామే టైపు చేసినవాళ్లకే దారి. తరువాత పాస్‌వర్డు మార్చి, అప్పటికి అన్నిటికన్నా గట్టిదని చదివిన తాళం వేశాను.

నేను వైఫై దాచేశానని పార్వతి గొప్పగా చెబితే అత్త పకపకా నవ్వింది.

"మందను పొదలో పెట్టి దాస్తే చిరుతకు వాసన రాదామ్మా? నీ మొగుడు యాడ చదువుకున్నాడే?"

"నీ అన్న కొడుకే కదమ్మా, నువ్వే కదా ఏరి కట్టబెట్టినావు" అంది పార్వతి.

నాకు కొంచెం రోషం వచ్చిన మాట నిజం. కానీ అత్త మాటే నెగ్గింది. కొద్ది రోజులకే మళ్లీ "దూరినారు" అంది. చూస్తే ఉన్నాడు. పాస్‌వర్డు మళ్లీ మార్చాను, ఈసారి నాకే గుర్తుండనంత పొడుగ్గా. మళ్లీ వచ్చాడు. చివరికి మన యంత్రాలను తప్ప ఇంకదేన్నీ రానివ్వద్దని పెట్టెకు చెప్పాను. ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉంటుంది. లత ల్యాప్‌టాప్ నంబరు ఒక్కటే రాసి తలుపు మూశాను. అత్త మళ్లీ అనగానే తెరిచి చూశాను. నేను రాసిన నంబరు కింద ఇంకో నంబరు ఉంది. నేను రాయలేదు. లతకు అది తెరవడం తెలియదు, కొడుకు షిఫ్టులో ఉన్నాడు.

తాళం వేసిన గదిలో, నా చేతిరాత కింద ఇంకొకరి చేతిరాత చూసినట్టు ఉంది. జీవితంలో మొదటిసారి నా మీద నాకే అనుమానం వచ్చింది. నెలాఖరు దగ్గరపడుతోంది. లత రాజీనామా టైపు చేసి పెట్టుకుంది.

ఇక దాచకుండా వెళ్లి అత్త పక్కన కూర్చున్నాను. "అత్తా, దూరేది ఎవరు?"

ఆమె ఒడిలోని తమలపాకును తుడుస్తూ ఉంది. తరువాత చాలా మామూలుగా, గొర్రెల సంగతి చెప్పినట్టే చెప్పింది.

"మన కూడు తిన్నోడే. అందుకే కుక్క అరవడంలేదు. తడికకు ముడి వేసింది వాడు. నువ్వు ఎన్నిసార్లు మూసినా వాడి ముడి వాడు ఇప్పుకుంటాడు. ముడి మార్చప్పా."

జీతగాడు పని మానేసిపోతే దొడ్డి తడికకు కట్టే తాడు ముడి మార్చడం మందకాపరుల పద్ధతి. అతని చేతికి అలవాటైన ముడి ఉండకూడదు. ఇది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా ఇంట్లోనూ అలాగే చేసేవాళ్లు. తెలిసినా తోచలేదు.

లేచి హాల్లోకి పోయాను. వైఫైకి పాస్‌వర్డు మార్చాను, నిజమే. కానీ ఆ పెట్టెను తెరిచే పాస్‌వర్డు వేరు. అది మురళి పెట్టినది. నేను ప్రతిసారీ అదే కొట్టి లోపలికి పోతున్నాను! తాళం మార్చి, పాత తాళంచెవి ఉన్నవాడికి కొత్త తాళంచెవి చూపిస్తున్నట్టే. మన వైపువాడు, మన ఇంట్లో తిన్నవాడు అన్న నమ్మకంతో ఆ ఒక్కటి ముట్టుకోలేదు. ఇంకా వెతికితే, ఇంట్లోకి రాకుండా ఎక్కడో నెట్ నుంచే ఆ పెట్టెను తెరిచే దారి కూడా అందులో తెరిచి ఉంది. నేను ఏం మార్చినా అతను అలా వచ్చి చూసుకుని పోయేవాడన్నమాట.

ఆ దారి మూసేశాను. పెట్టె పాస్‌వర్డు మార్చాను. వైఫై పేరూ, పాస్‌వర్డూ కొత్తవి పెట్టాను. దొంగ నంబరు తీసేశాను. చివరి బటను గట్టిగా నొక్కాను.

మరుసటి రోజే లతకు పరీక్ష. కంపెనీ వాళ్లు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆమె లైనును గమనిస్తారు. పార్వతి పిల్లను ఎత్తుకుని వరండాలో తిరుగుతోంది. నేను హాల్లో పాత కంప్యూటరు ముందు కూర్చున్నాను. అత్త తిన్నె మీద.

భోజనాలయ్యాక అత్త గొంతు వినిపించింది. "వచ్చినాడు."

తెరిచిన తలుపులోంచి లత నా వైపు చూసింది. నేను తెరపై చూశాను. మన జాబితాలో కొత్త యంత్రం లేదు. కానీ పెట్టె రాసుకునే దినచర్యలో ఒక వరుస చేరింది. ఎవరో పాస్‌వర్డు తప్పు కొట్టారు.

"తడిక పట్టుకోని గుంజుతా ఉండాడు" అంది అత్త.

ఇంకో వరుస. దాని కింద ఇంకొకటి.

"చుట్టూ తిరుగుతా ఉండాడు. తిరగనీ."

నేను కదలకుండా కూర్చున్నాను. గదిలో లత కీబోర్డు చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఇంతకంటే మంచి సంగీతం నేను వినలేదు.

కొంతసేపటికి అత్త పెద్దగా నవ్వింది. "పోయినాడు పో!" కొత్త వరుసలు ఆగిపోయాయి.

సాయంత్రం లత గదిలోంచి వచ్చి, పిల్లను పార్వతి చేతుల్లోంచి లాక్కుని గిరగిరా తిప్పింది. కంపెనీ వాళ్లు ఇంటి నుంచే పని కొనసాగించమన్నారు. రాజీనామా ఫైలును నాతోనే తీసేయించింది. పార్వతి పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టింది.

అవి పొంగేలోపే గేటు చప్పుడైంది. మురళి. కుక్క మొరగలేదు.

"ఊరికే ఇట్లా పోతా ఉంటిని సార్" అన్నాడు. "నెట్ బాగుందా? బాక్స్ పాస్‌వర్డు ఏమన్నా మార్చినారా?"

మార్చిన సంగతి మా ఇంట్లోవాళ్లకు తప్ప బయట ఎవరికీ తెలియదు. నేను నోరు తెరిచేలోపే తిన్నె మీది నుంచి అత్త అందుకుంది. మా అనుమానం అతని మీదేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా మాటల్లో కూడా అతని ప్రస్తావన రాలేదు.

"రాప్పా, కూర్చో. ముడి మార్చేసినాము. ముద్ద తిని పో." ఒక క్షణం ఆగింది. "ఈసారి కుక్కకు మాత్రం వెయ్యద్దు."

మురళి మొహం పాలిపోయింది. నిలబడే అంతా చెప్పేశాడు. షాపు మూసి మధ్యాహ్నం గదికి వచ్చి, మా లైను మీద సినిమాలు దించి సీడీలు చేసేవాడట. "అవ్వకు ఎట్లా తెలిసె సార్?" అని అడిగాడు. నేను తిన్నె వైపు చూశాను. లత చేతులు కట్టుకుని అతని ఎదుట నిలబడి, ఉన్నదున్నట్టు కడిగేసింది. అతను తల దించుకుని విన్నాడు. ముద్ద తినకుండానే పోయాడు. ఆ తరువాత గది ఖాళీ చేశాడని విన్నాం.

అన్నిటికీ కారణం దొరికింది. జాబితాలో తనంతట తాను చేరిన నంబరుకు కూడా. అత్తకు ఎలా తెలిసిందన్నదానికి మాత్రం దొరకలేదు. ఒకరోజు పరీక్షిద్దామని, స్నేహితుడి ల్యాప్‌టాప్ ఒకటి సంచిలో పెట్టి తెచ్చి, వెనకగదిలో తలుపు మూసుకుని వైఫైకి కలిపాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కలిసిన గుర్తు తెరపై వచ్చిందో లేదో, వీధి వైపు నుంచి వినిపించింది.

"కొత్తోడే. కానీ నువ్వే పిలిచినావు కదప్పా, రానీ."

ఎలా తెలుస్తుందని అడిగాను. "కాపలా ఉండేటోళ్లకు తెలీకుండా ఎట్లుంటాది?" అని తమలపాకు నోట్లో పెట్టుకుంది. అంతకుమించి ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

అత్త పోయి చాలాకాలమైంది. లత ఇప్పుడు అదే కంపెనీలో పెద్ద హోదాలో ఉంది. ఇంట్లో కొత్త పెట్టె వచ్చినప్పుడల్లా ముడి మార్చే పని నాదే. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆ మధ్యాహ్నాల్లో గోడకు అవతల కూర్చున్న మసకచూపు మనిషి ఏం చూసిందో మాత్రం, ఏ కార్డులో ఏమని రాయాలో నాకు తోచదు.