మూడు క్యాంపుల ఉత్తరాలు

ఎనిమిదేళ్లుగా ఒక మాట గుండెలో బరువుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

కోనసీమలో ట్యుటోరియల్‌లో చరిత్ర చెప్పేవాణ్ణి. కువైట్ వచ్చి ఒక నిర్మాణ కంపెనీలో స్టోర్ కీపర్‌నయ్యాను. కంపెనీ లేబర్ క్యాంపులో, జగిత్యాల నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ రాజన్నది నా గదే. శుక్రవారం మధ్యాహ్నం అతను వండిన చేపల పులుసు తిని అందరం నేలమీద నడుం వాల్చేవాళ్లం. ఎంత హాయిగా ఉండేదో! అప్పుడు నాచేత పాఠం చెప్పించేవాడు. అలా ఒకసారి అమెరికా వలసల గురించి చెప్పాను. ఇంగ్లండ్ రాజు పన్నులు వేస్తే ఊరూరా కమిటీలు పెట్టుకున్నారని, ఉత్తరాలతో ఒకరి సంగతి ఒకరికి తెలుపుకున్నారని, టీతో సహా సీమ సరుకు మానేశారని, చివరికి ప్రతినిధుల్ని పంపి ఒకచోట కూర్చున్నారని.

"చాయ్ సుత బందు వెట్టిండ్రా?" అని నవ్వాడు రాజన్న. నవ్వు ఆపి, "మనయి మూడు క్యాంపులే గద సార్. మనం రాసుకోలేమా?" అన్నాడు.

ఆ వేసవిలో మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేయించేవారు. ఇద్దరు సొమ్మసిల్లి పడ్డారు. ఫోన్లో పెడితే పైవాళ్లకు చేరుతుందని, ఆ పని ఆపించే సంగతి కాగితం మీదే రాశాం. రాసింది నేను, క్యాంపులకు చేర్చింది రాజన్న. గదికొకరు చొప్పున మనుషుల్ని ఎన్నుకున్నాం. అంత ధైర్యంగా నేను మళ్లీ ఎప్పుడూ బతకలేదు.

ఒక ఉత్తరం దొరికింది. మిర్కాబ్‌లోని కంపెనీ ఆఫీసుకు నన్ను పిలిచారు. బల్లమీద నా ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి, రెన్యువల్ కాగితాలు, పక్కనే ఆ ఉత్తరం. ఎవరు రాశారని అడిగారు.

రాజన్న అన్నాను.

బెదిరించలేదు, కొట్టలేదు. మరి ఎందుకన్నాను? భయమా, లేక అందరూ అతని మాటే వింటున్నారన్న అసూయా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నాలుగో రోజున అతన్ని ఇండియాకు పంపించేశారు. పెట్టె సర్దుకుంటూ నా చెవిలో అన్నాడు: "మస్తు అడిగిండ్రు సార్. నీ పేరు జెప్పలే. నువ్వు రాసుడు ఆపకు."

ఆపేశాను. మధ్యాహ్నం పని ఆగలేదు. పండుగలకు రాజన్న ఫోన్ చేస్తాడు, సార్ అనే పిలుస్తాడు. ప్రతిసారీ చెబుదామనుకుంటాను, కువైట్‌లో ఎండలెలా ఉన్నాయో చెప్పి పెట్టేస్తాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. అతని పేరు చెప్పింది నేను. ఈ వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాను.