తినలేదు, ఉప్పు చూసిందంతే

మా తోడికోడలు రిహాన్ నోటికి జంకు లేదు. టర్కీలో మా వాన్ కొండల మీద ఎండాకాలమంతా ఆడవాళ్లు గొర్రెపాలు విరగ్గొట్టి ఉప్పు జున్ను చేస్తారు. దాన్ని కుండలకెత్తి, మాగడానికి మట్టిలో పాతే ముందు ఉప్పు చూడడానికి ఆమెనే పిలుస్తారు. ఆమె కాస్త నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "చప్పగా ఉంది, మీ అత్త ప్రేమలాగే" అనేది. అన్ని మాటలు పడి కూడా మళ్లీ ఆమెనే పిలిచేవారు.

అలాంటి మనిషికి చలికాలం మొదట్లో నడుం నొప్పి పట్టుకుంది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి పక్క తడిసేలా చెమట. వంగి వంగి పాలు పిండినందుకేలే అనుకున్నాం. ఊళ్లో డాక్టరు పూతమందు ఇచ్చాడు. తర్వాత కాళ్లు మాట వినడం మానేశాయి. చెరో పక్కా పట్టుకుంటే తప్ప లేవలేకపోయేది. పట్నంలో స్కానింగ్ చేసి, వెన్నులో ఏదో ఉంది, కణితి కావచ్చన్నారు. ఆ మాటకి ఆమె భర్త ఆజాద్ బావగారు గోడకానుకుని కూలబడ్డారు. నాకూ ఏడుపొచ్చింది గానీ, ఇంట్లో ఎవరో ఒకరు వంట చెయ్యాలిగా.

పెద్దాసుపత్రిలో హిలాల్ అనే చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. ఆమె టర్కీ భాషలో అడిగేది, నేను మా కుర్దు భాషలో రిహాన్‌కి చెప్పేదాన్ని, ఆమె జవాబు మళ్లీ టర్కీలో అందించేదాన్ని.

"పచ్చిపాలు తాగుతావా?"

"మనల్ని పిల్లులనుకుంటోందా? కాచకుండా చుక్క ముట్టనని చెప్పవే," అంది రిహాన్.

"పచ్చిపాలతో అప్పుడే చేసిన జున్ను తింటావా?"

"ఛీ, అదెవరు తింటారు? నెలల తరబడి మట్టిలో మాగాకే మా పళ్లెంలోకొస్తుంది."

రెండూ నిజమే. డాక్టరమ్మ, "పోనీ, ఎండాకాలమంతా ఏం పని చేస్తావు?" అంది.

అంత నొప్పిలోనూ రిహాన్ తలెగరేసింది. "ఉప్పు చూస్తాను. నేను చూడందే ఆ కొండల్లో ఒక్క కుండ కూడా పాతరు."

"ఎలా చూస్తావు?"

"నోట్లో వేసుకుని! చెవిలో వేసుకుంటారా?"

"మరి తిననన్నావు?"

"తినడమెక్కడ? ఉప్పు చూడ్డం! ఈ పిల్ల ఎప్పుడూ పొయ్యి దగ్గరికి పోయినట్టు లేదే."

నవ్వాపుకోలేక నేను ఆ చివరి మాట చెప్పలేదు. డాక్టరమ్మకి మాత్రం విషయం బోధపడింది. రక్తం తీయించింది, వెన్నులోంచి సూదితో కాస్త చీము లాగించింది. కణితి కాదు. గొర్రెల నుంచి పచ్చిపాలలోకి వచ్చే క్రిమి వెన్నుపూసల్లో చేరి, చీము పట్టి, కాళ్లకి పోయే నరాలను నొక్కేస్తోంది. చాలా నెలలు మాత్రలూ సూదిమందులూ వాడాలట, నడిచే అవకాశం బాగా ఉందట. బావగారు దణ్ణం పెట్టినట్టుగా డాక్టరమ్మ చెయ్యి ముద్దుపెట్టుకోబోతే, "అయ్యో, నేను మీ కూతురి వయసుదాన్ని" అని వెనక్కి లాక్కుంది. కణితి కాదన్న ఆ ఒక్క మాటకే నా గుండెల మీంచి బరువు దిగిపోయింది.

"చిటికెడు జున్నుకి ఇంత రాద్ధాంతమా!" అని రిహాన్ సణిగింది గానీ మాత్రలు మాత్రం మానలేదు.

మంచు కరిగే రోజుల్లో ఒక పొద్దున, ఎప్పట్లాగే రిహాన్‌ని పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్దామని వెళ్తే పక్క ఖాళీగా ఉంది. పెరట్లోకి పరిగెత్తాను. మరుగుదొడ్డి తలుపు వేసి ఉంది.

"అక్కా, పడిపోతావ్! నన్ను రానీ!"

"పోవే! ఇక్కడ కూడా నువ్వెందుకు?"

లోపల్నుంచి గడియ పడింది. నేను ఆ గుమ్మం ముందే చతికిలబడి, హాయిగా ఏడ్చాను.