బిగించిన చేయి, గీత పెట్టిన చేయి

మా అమ్మాయి బ్యాంకు ఉద్యోగం చేస్తూ కూడబెట్టుకుని ఒక పాత స్పోర్ట్స్ కారు కొంది. రెండే సీట్లు, ఎర్ర రంగు. రాయ్‌పూర్ నుంచి తానే నడుపుకుంటూ తెచ్చి బిలాస్‌పూర్ తోర్వాలోని మా ఇంటి ముందు ఆపితే సందంతా చూడడానికి వచ్చింది. నాకు మాత్రం అది నేలను కరుచుకున్న కప్పలా కనిపించింది. అందులోకి దిగాలంటే ముందు నా నడుమును బతిమాలుకోవాలి.

కొనడంతో ఆగలేదు. ట్రాక్ మీద ఎవరు తక్కువ సమయంలో చుట్టి వస్తారో చూసే పోటీకి పేరిచ్చేసింది. దానికి మామూలు సీటు బెల్టు చాలదట. రెండు భుజాల మీదుగా రెండు పట్టీలు, నడుముకు అటొకటి ఇటొకటి, నాలుగూ వచ్చి పొట్ట దగ్గర ఒకే తాళంలో కలిసే రేసింగ్ బెల్టు ఉండాలట. పార్సిల్ వచ్చిన రోజు దాన్ని గుమ్మం దగ్గర పరిచి చూపించింది. నాకు భయం వేసింది, దాచడం దేనికి? మాకున్నది ఒక్కతే కూతురు. వద్దంటే ఆగే పిల్ల కాదు. ఆపలేనప్పుడు కనీసం ఆ బెల్టు బిగించే చేయి నాదైతే నిద్ర పడుతుంది అనుకున్నాను.

చేతికి పనితనం లేక కాదు. రైల్వేలో వాగన్ ఫిట్టరుగా నా సర్వీసంతా బిలాస్‌పూర్‌లోనే గడిచింది. జబ్బు చేసిన వాగన్లను తెచ్చి పెట్టే సిక్ లైనులో పడుకుని, వంగుని, పాక్కుంటూ నట్లు బిగించాను. మా గ్యాంగులో ఒక కట్టుబాటు ఉండేది. నట్టు బిగించినవాడు దాని మీద పసుపు గీత పెట్టకూడదు. రెండోవాడు వచ్చి పానా వేసి చూసి, కదలకపోతే అప్పుడు నట్టు మీంచి ప్లేటు మీదకు గీత గీయాలి. బిగించినవాడికి తన పని మీద ప్రేమ ఉంటుంది, ప్రేమ ఉన్నచోట చూపు ఆనదు అనేవారు మా పెద్దవాళ్లు. ఈ మాట మా ఇంట్లో అన్నం పెట్టినట్టు రోజూ వడ్డించాను. గ్యాస్ సిలిండరు నేను మారిస్తే ట్యూబు మా అమ్మాయి చూడాల్సిందే.

శనివారం ఆమె బ్యాంకుకు వెళ్లగానే పని మొదలుపెట్టాను. బెల్టుతో పాటు ఒక లావుపాటి ఇనప పైపు కూడా వచ్చింది. బీరువాలో చొక్కాలు తగిలించుకునేదానిలా ఉంది. షోకుకు ఇచ్చుంటారని గోడకు చేరేశాను. నాకు తెలిసిన బండికి బలమంతా కిందే ఉంటుంది. అందుకని సీటు వెనక నేలకు రెండు కన్నాలు వేసి, అడుగున మందపాటి ప్లేటు పెట్టి, భుజాల పట్టీలను అక్కడికి లాగి బిగించాను. టీ తెచ్చిన మా ఆవిడ కాసేపు చూసి, "పిల్లకి బిగిస్తన్నారా, గూడ్సు బండికా?" అంది. అంత గట్టిగా ఉందన్నమాట. మెప్పుగానే తీసుకున్నాను.

సాయంత్రం అమ్మాయి వచ్చి చూసి బ్యాగు కూడా దించలేదు.

"ఏటిది నానా? నేలకి బిగించీసేవేటి?"

"మరి గాల్లో కడతారేటి?"

"అరే, ఐసా నహీ హోతా! ఆ పైపు అందుకే ఇచ్చారు కదా."

"నువ్వు పుట్టకముందునుంచీ నట్లు బిగిస్తన్నాన్నేను."

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమెకూ నా కోపమే వచ్చింది గానీ, గట్టిగా ఊపిరి వదిలి, "అచ్ఛా, ఓసారి నువ్వు కూకో" అంది. కూర్చున్నాను. నాలుగు పట్టీలూ తాళంలో పెట్టి బిగలాగి, "ఇప్పుడు ముందుకి వంగు" అంది.

వంగబోయాను. పట్టీలు నన్ను వెనక్కి పట్టుకోలేదు, కిందికి తొక్కాయి. రెండు భుజాల మీదా బస్తాలు పెట్టినట్టు బరువంతా వెన్నులోకి దిగింది. ఏళ్ల తరబడి వాగన్ల కింద అరిగిన నడుము కెవ్వుమంది. ఊరికే వంగితేనే ఇలా ఉంది. ఆ వేగంలో బండి దేనికైనా గుద్దుకుంటే మా అమ్మాయి వెన్ను ఏమయ్యేదో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పట్టీలు భుజాల ఎత్తునుంచి తిన్నగా వెనక్కి పోవాలి. గోడకు చేరేసిన పైపు అందుకే.

"గీతలెవరెట్టేరు?" అని అడిగింది, నేలమీద నట్ల వైపు చూపిస్తూ.

"నేనే."

"బిగించిందో?"

రెండూ నేనే. నట్ల పనిలో ఆమెను ఇంకా నాకు టార్చిలైటు పట్టుకునే పిల్ల అనుకున్నాను గానీ, రెండో మనిషి అనుకోలేదు. సర్వీసులో ఎన్ని నట్లు బిగించానో, వాటిలో ఒక్కదానికీ నా బిడ్డను కట్టలేదు. కట్టాల్సిన రోజున కట్టుబాటు తప్పాను. సిగ్గేసింది.

"ఇప్పీయమ్మా" అన్నాను.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం కూర్చున్నాం. బెల్టుతో వచ్చిన కాగితం ఆమె చదివి చెప్పింది, నేను చేశాను. నా కన్నాలకు రబ్బరు బిరడాలు పెట్టి మూశాను. అవి ఎప్పటికీ అలాగే ఉంటాయి, ఉండనీ. పైపును సీటు వెనక భుజాల ఎత్తున అడ్డంగా నాలుగు బోల్టులతో బిగించి, పట్టీలు దానికి చుట్టాం. నడుము పట్టీలు వాటి చోట్లలో వేశాం. ఊళ్లో తిరగడానికి పాత బెల్టు కూడా పక్కనే ఉంచాం.

అప్పుడు పానా, పెయింటు డబ్బా ఆమె చేతిలో పెట్టాను. అది కావలసినంత బిగువు రాగానే టిక్కుమనే పానా. ఆమె ఒక్కో నట్టుకూ వేసి నొక్కింది. టిక్. గీత. టిక్. గీత. మూడోది కూడా అంతే. నాలుగోది, పైపుకు ఎడమ చివరది, టిక్కుమనలేదు. పానా పావు చుట్టు తిరిగాక అప్పుడు టిక్కుమంది.

నా వైపు చూసింది. వెటకారమాడుతుందేమో అనుకున్నాను. పానా కింద పెట్టి డబ్బా దగ్గరికి లాక్కుంది.

"గీత ఎట్టు" అన్నాను.

కుంచె ముంచి నింపాదిగా గీసింది. నా పనిలో తప్పు దొరికితే సంతోషించడం సర్వీసులో ఒక్కరోజూ ఎరగను. ఆ పొద్దున మాత్రం కళ్లు తుడుచుకుంటూ సంతోషించాను.