అక్కాచెల్లెళ్ళ వాయిదా

ఆ కోర్టుకు జడ్జీలు వచ్చేవారు, పోయేవారు. బెంచి గుమాస్తా మాత్రం కదలలేదు. జడ్జిగారి వేదిక కింద బల్ల వేసుకుని, ఏ దావాకు ఏ తారీఖున వాయిదా వేశారో రాసుకుని పైకి చదవడం ఆయన ఉద్యోగం. ప్లీడర్లు ఆయన్ని వాయిదాల మావయ్య అనేవారు. ఇంట్లో భార్య ఇంకో అడుగు ముందుకేసింది. కుళాయి కారుతోందంటే "ఆదివారం చూద్దాంలే" అన్నాడా, "మళ్ళీ వాయిదానా? ఈసారి కారణమైనా రాయండి" అని దెప్పిపొడిచేది.

మనిషి మంచివాడే. ముసలివాళ్ళకు ముసురు రోజుల్లో తారీఖు పడకుండా చూసేవాడు. పంతుళ్ళకు పరీక్షల వారం తప్పించేవాడు. కాకపోతే ఒక మొండి నమ్మకం ఉండేది, దావా తేలితే గొడవ తేలినట్టేనని. కట్ట కట్టిన కాగితాలు రికార్డు గదిలోకి వెళ్ళాయంటే, వాటిలోని మనుషులు కూడా ఇళ్ళకు వెళ్ళి కడుపునిండా తిని పడుకుంటారనుకునేవాడు. ఇన్నేళ్ళు కోర్టులో కూర్చున్నవాడికి ఆ మాత్రం తెలియదా అంటే, పాపం, ఆయన ఎప్పుడూ చూసింది కట్టలనే కదా.

ఆ కట్టల్లో ఒకటి ఇద్దరు అక్కాచెల్లెళ్ళది. తల్లి పోయాక ఆమె ఇంటి కోసం మాటా మాటా పెరిగి రాకపోకలు తెగిపోయాయి. వాయిదా రోజున మాత్రం ఇద్దరూ వచ్చి వరండాలో ఒకే బెంచీకి చెరో కొసన కూర్చునేవారు. చెల్లెలు గోడకేసి చూసేది. అక్క దొంగచూపులతో చెల్లెలి కేసి చూసేది. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఇద్దరి పేర్లూ కలిపి కేకేస్తే, ఇద్దరూ ఒక్కసారే లేచేవారు.

కొత్తగా వచ్చిన జడ్జిగారు పాత దావాలన్నీ ముందు తేల్చేద్దామని, వాటికి జాబితా తయారుచేయమన్నారు. సంగతి తెలిసి అక్క గుమాస్తా బల్ల దగ్గరికి వచ్చింది.

"గుమాస్తాగారూ, మాది కాస్త వెనక్కి నెట్టండి."

"అదేమిటమ్మా! తొందరగా తేల్చమని అందరూ నా ప్రాణం తోడేస్తుంటే?"

"తేలిపోతే మా చెల్లెలు ఇంక రాదండీ. వాయిదా ఉంటేనే దాని మొహం చూస్తున్నాను. మొన్న బాగా చిక్కిపోయి కనిపించింది. ఏమైందే అని అడుగుదామంటే నోరు పెగల్లేదు." కొంగుతో కళ్ళొత్తుకుంది. "మా ఇద్దర్నీ కలిపి పిలిచేవాళ్ళు ఇంక ఇక్కడే మిగిలారు బాబూ."

గుమాస్తా మనసు కరిగిపోయింది. ఆ కరిగిన మనసే కొంప ముంచింది. "మీ మధ్య అడ్డం ఈ కేసే కదమ్మా. అది కాస్తా తొలగనివ్వండి, మీ చెల్లెలే మీ గడప తొక్కుతుంది" అని ధైర్యం చెప్పి, ఆ దావాను జాబితాలో అన్నిటికంటే పైన రాశాడు. మంచిపని చేశానని ఆ సాయంత్రం భార్య దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

చెరిసగమని తీర్పు వచ్చింది. చెల్లెలు వెనక్కి తిరిగైనా చూడకుండా మెట్లు దిగింది. తన వాటా అమ్మేసుకుని వేరే ఊరికి మకాం మార్చేసింది.

కొన్ని నెలలు గడిచాక గుమాస్తా టీ కోసం బయటికి వస్తే, అక్క ఆ బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏమ్మా, ఇలా వచ్చారు?"

"అప్పీలు వేద్దామని బాబూ."

"మీకు రావాల్సింది వచ్చిందిగా!"

"నేను వేస్తే అది రావాల్సిందేగా? ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. కోర్టు కాగితమంటే మాత్రం వస్తుంది. చిన్నప్పట్నుంచీ దానికి భయం ఎక్కువ."

గుమాస్తాకు చెప్పక తప్పలేదు. "అప్పీలుకు గడువు దాటిపోయిందమ్మా."

ఆమె బెంచీ మీంచి లేచి దగ్గరికి వచ్చింది. "పోనీ, ఉత్తినే ఒక తారీఖు రాసివ్వండి. కేసు లేకపోయినా ఫర్వాలేదు. దానికి నేనే పంపించుకుంటాను."

గుమాస్తా చెయ్యి జేబులోని పెన్ను దాకా వెళ్ళింది. జీవితమంతా అడిగినవాడికీ అడగనివాడికీ తారీఖులు చదివిన మనిషి.

"రాయకూడదమ్మా" అన్నాడు.

"అవునులెండి. మీ ఉద్యోగానికి మాటొస్తుంది. మీరేం బాధపడకండి" అని ఆమే ఆయన్ని ఓదార్చింది.