మట్టి కప్పిన నిప్పు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం చేసే మా అమ్మాయి తన మోటారు సైకిలు మా వాకిట్లో ఆపి, హెల్మెట్టయినా తీయకుండా ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. వాళ్ళ రైడింగు క్లబ్బు భద్రాచలం వైపు అడవిలో రెండు రోజులు తిరిగి, వాగు పక్కన గుడారాలు వేసుకోవడానికి వచ్చిన అనుమతి అది. దారి వదిలి బండి దింపరాదు, వాగులో చక్రం పెట్టరాదు, తెచ్చిన చెత్త తిరిగి తీసుకుపోవాలి అని కింద షరతులు. ఆ అడవి నీకు తెలుసు కదా నాన్నా, సామాను జీపు కూడా వస్తోంది, నువ్వూ రావాలి అంది. చివర నిప్పు గురించి రాసిన మాట చదివి, మంచినీళ్ళ నెపంతో నేను లోపలికి వెళ్ళిపోయాను.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, గనిలో దిగేవాడికి ఎండ మీదా గాలి మీదా ఎంత మోజుంటుందో. కొత్తగూడెంలో నేను బొగ్గు గని పనిలో ఉన్న రోజులవి. వారపు సెలవును మేము ప్లే డే అనేవాళ్ళం. అది వచ్చిందంటే చాలు, నేనూ, అదే గనిలో పనిచేసే మా బావమరిదీ, బియ్యం, ఉల్లిగడ్డలు, ఒక గిన్నె, రెండు దుప్పట్లు మూటగట్టుకుని, మా ఆవిడ తిట్లు వీపు వెనక వినబడుతుండగానే, వాడి పాత మోటారు సైకిలు మీద తారు రోడ్డు దిగి అడవిలో పడేవాళ్ళం. అనుమతులా, షరతులా! ఎడ్లబండి పోయే చోటికి మేమూ పోయేవాళ్ళం, అది పోలేని చోటికి మరీ ఉత్సాహంగా పోయేవాళ్ళం.

ఆ ఉత్సాహానికి కళ్ళెం వేసినవాడు వాగు అవతలి గూడెం మనిషి ఒకాయన. మొదటిసారి మేము నీళ్ళన్నీ బురద చేసుకుంటూ బండితో ఒడ్డెక్కితే, నెత్తిమీది కట్టెల మోపు దించి, "గూడెమంత తాగేది గీ నీళ్లే బిడ్డా, గిట్ల కలిపితే మేమేం తాగాలె?" అని అడిగాడు. కసిరినా బాగుండేది, అంత మెల్లగా అడిగేసరికి మాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట ఆయన ఇంట్లోనే జావ తాగాం. అప్పటినుంచి ఆయన మాకు మామ, ఆయన భార్య అత్త. ఒడ్డునే ఇంజను ఆపి రాళ్ళ మీదుగా బండిని నెట్టుకుపోవడం, ఉన్న దారిలోనే పోవడం, వంట పొయ్యి వాగు ఇసుకలోనే పెట్టడం, లేచేముందు నీళ్ళు పోసి బూడిదలో చెయ్యి పెట్టి చూడడం, అన్నీ ఆయన నేర్పినవే.

ఇంకొక సంగతి కూడా ఆయనే చెప్పాడు. అడవి సర్కారుదే అయినా, ఏ ఇప్పచెట్టు కింద ఎవరు పువ్వు ఏరుకోవాలో ఆ గూడెంలో తరాలుగా ఒక కట్టుబాటు ఉంది. వాగు గట్టున ఉన్న రెండు పెద్ద చెట్లు మా అత్తవి, ఆమెకు వాళ్ళ అత్త దగ్గరనుంచి వచ్చినవి. ఆ పువ్వు ఎండబెట్టి సంతకు తీసుకుపోతే వచ్చేదే ఆ ఇంటికి ఎండాకాలమంతా ఆధారం. పువ్వు రాలే రోజుల్లో ఆమె ఆ చెట్ల కింద నేల అద్దంలా ఊడ్చి ఉంచేది.

ఆ ఏడు పువ్వు ఇంకా మొదలు కాలేదు, ఎండలు మాత్రం ముదిరాయి. నీడ కోసం ఆ చెట్ల పక్కనే దుప్పట్లు పరిచి, పొయ్యి కూడా అక్కడే పెట్టాం. తెల్లారి బయలుదేరేటప్పుడు బావమరిది గిన్నె పట్టుకుని నీళ్ళకు వాగులోకి దిగబోతే, నేనే ఆపాను. గనిలో బొగ్గు తనంతట తానే రాజుకుంటే మేము ఆ భాగానికి అడ్డుగోడ కట్టి, గాలి తగలకుండా మూసేస్తాం, నిప్పు లోపలే చస్తుంది. ఆ విద్య నాకు బాగా వచ్చునని నా పొగరు. గాలి ఆడకపోతే నిప్పెక్కడ బతుకుతుందిరా అని వాడికి పాఠం చెప్పి, పొయ్యి మీద ఇంత మట్టి కప్పి, కాలితో తొక్కి, బండెక్కాను. ఎండుటాకులూ వేళ్ళూ నిండిన గుల్లనేలకు గోడ ఎవడు కట్టగలడు? ఆ మాత్రం తట్టలేదు నాకు.

మళ్ళీ ప్లే డేకి వెళ్ళేసరికి గట్టంతా నల్లగా ఉంది. రెండు ఇప్పచెట్లూ మొదళ్ళు కాలి, తొర్రలు పడి పక్కకు ఒరిగిపోయాయి. మామ వాకిట్లో మంచం మీద అడవి గార్డు కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. పువ్వు ఏరడానికి నేల శుభ్రం చేసుకుంటూ ఆకు అంటించడం మామూలే కాబట్టి, అతను గూడెంవాళ్ళనే అడుగుతున్నాడు. మామ మా బండి వైపు ఒకసారి చూసి తల తిప్పుకుని, "ఆకు నేనే అంటపెట్టిన సారూ" అన్నాడు. కేసయితే ఉద్యోగం పోతుందేమో, ఇంట్లో చంటిపిల్ల, అని లెక్కలు వేసుకుంటూ కొయ్యలా నిలబడ్డాను. బావమరిది నా చెయ్యి గిల్లాడు, అయినా నేను నోరు విప్పలేదు. అత్త ఇచ్చిన నీళ్ళు తాగి వెనక్కి వచ్చేశాం. ఆ కేసు పని మీద మామ ఎండలో అటవీ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో, ఆ ఏడు ఆ ఇంట్లో ఏం తిన్నారో, నాకు తెలియదు. తెలుసుకోవడానికి వెళ్ళలేదు. బావమరిది పోయినేడు కాలం చేశాడు. చివరి దాకా ఆ మాట మేమిద్దరం ఎత్తుకోలేదు.

అమ్మాయి పోరు పడలేక ఈసారి జీపులో వెళ్ళి, పిల్లలు వాగు పక్కన గుడారాలు వేసుకుంటుండగా ఆ గూడెంలోకి నడిచాను. మామ లేడు. అత్త కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, "అల్లుడివి గాదూ?" అంది. ఇంకేం ఆగుతుంది, ముప్పై ఏళ్ళది అక్కడే కక్కేశాను, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"అవ్, తెల్సు. మట్టి గప్పిన పొయ్యి మీ మామ గా దినమే సూసిండు. చెప్తే నీ కొలువు పోతదని ఊకున్నడు."

చేతులు జోడించబోతే పట్టుకుని ఆపి, "గది గాదు బిడ్డా, మళ్ల ఎందుకు రాలేదు మీరు? నా నోట ఏమన్న మాట జారిందా, అల్లుండ్లు అలిగిన్రా అని సచ్చేదాంక అడిగిండు" అంది.

ఈనాటి పిల్లలు మాకంటే నయం. తిండీ నీళ్ళూ తామే తెచ్చుకుంటారు, వాగు కలపరు, దారి తప్పరు, వెళ్ళేటప్పుడు కాగితం ముక్క కూడా మిగల్చరు. నాకు సంతోషమే. కానీ ఆ రెండు రోజుల్లో వాళ్ళలో ఒక్కరికీ ఏ గడపలోనూ జావ తాగే పని పడలేదు, ఎవరినీ అత్తా అని పిలవవలసిన అవసరం రాలేదు. మాకు అలాంటి గడప ఒకటి దొరికింది, దాన్ని నేనే పోగొట్టుకున్నాను. ఆయన నోట ఏ మాటా జారలేదు, నేను ఆడవలసిన మాట ఆడలేదు, అంతే. ఆ సంగతి చెబుదామంటే ఇప్పుడు మనిషి లేడు.